గూటి కబుర్లు: వంగమొక్క మీద దర్జీ, స్తంభం మీద కాకి

వానలు మొదలైతే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలు మారిపోతాయి. ఎండాకాలమంతా "పిట్టలకు నీళ్ల గిన్నె ఎక్కడ పెట్టాలి" అని రాసినవాళ్లే ఇప్పుడు "మా బాల్కనీలో ఏదో గూడు కడుతోంది, ఉంచాలా తీసేయాలా" అని రాస్తున్నారు. కొత్తగా చదివేవాళ్లకు ఒక్క మాట. నేను జువాలజీ మాస్టారిని కాను. విశాఖ వీధుల్లో కరెంటు స్తంభాలెక్కి, చివరికి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయినవాణ్ణి. స్తంభం ఎక్కితే కొమ్మలన్నీ కళ్లెదుటికి వస్తాయి. గూళ్లు చూడటం అలా అలవాటైంది, చదవడం తర్వాత మొదలైంది. ఇక ప్రశ్నల్లోకి వెళదాం.

మిద్దె మీద గ్రో బ్యాగులో వేసిన వంగమొక్కకు రెండు ఆకులు అతుక్కుపోయి ఉన్నాయి. తెగులనుకుని తుంచబోతే లోపల దూది కనిపించింది. అంచులు దారంతో కుట్టినట్టు ఉన్నాయి. పిట్ట నిజంగా కుడుతుందా? ముడి కూడా వేస్తుందా?
– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

కుడుతుందమ్మా, నిజంగానే కుడుతుంది. తుంచకుండా ఆగారు, అదే పదివేలు. అది దర్జీ పిట్ట. కుట్టేది ఆడపిట్టే. పిచ్చుక కన్నా చిన్నది. వీపు ఆకుపచ్చ, నెత్తిన ఇటుక రంగు, తోక ఎప్పుడూ పైకి నిక్కబొడుచుకుని ఉంటుంది. ఒళ్లు ఎంత చిన్నదో గొంతు అంత పెద్దది. "టువిట్ టువిట్" అని మొదలుపెట్టిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది.

ఆకు పెద్దదైతే ఒక్కదాన్నే చుట్టి రెండంచులూ కలుపుతుంది. చిన్నవైతే రెండు మూడు ఆకులను దగ్గరికి లాగుతుంది. అంచు వెంబడి ముక్కు మొనతో చిల్లు పొడుస్తుంది. ఆ చిల్లు ఎంత సన్నమంటే ఆకు ఎండదు, ఆ చోట గోధుమ రంగు మచ్చ కూడా పడదు. అందులోంచి సాలెపోగో, దూది పీచో, సన్నటి నారో దూర్చి అవతలి అంచు చిల్లులోంచి బయటికి లాగుతుంది. ముడి మాత్రం వేయదు. బయటికొచ్చిన కొస పీచులుగా విచ్చుకుని ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మళ్లీ అంత సన్నటి చిల్లులో దూరలేదు. కుట్టు అక్కడితో బిగిసినట్టే. ఒకే దారం ఈ కొస నుంచి ఆ కొసకు పోదు. ఏ కుట్టుకు ఆ కుట్టు విడిగా ఉంటుంది, ఒకటి తెగినా మిగిలినవి ఊడిరావు. పిల్లలు ఎగిరిపోయాక ఆ ఆకులు కోసి భూతద్దంతో చూడండి, నేను చెప్పిందంతా కనిపిస్తుంది.

ఇంకోటి గమనించారా? ఆకు నిగనిగలాడే పైముఖం ఎప్పుడూ బయటికే ఉంటుంది. అందుకే మీకు తెగులు పట్టిన ఆకులా కనిపించింది గాని గూడులా కనిపించలేదు. పిల్లికీ కాకికీ కూడా అంతే.

సాధారణంగా 3 గుడ్లు పెడుతుంది. 12 రోజులు పొదుగుతుంది, ఆ తర్వాత పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. ఈ నెల రోజులు ఆ మొక్క కాయలు వదులుకోండి. నీళ్లు మొక్క మొదట్లో పోయండి, పైపు పెట్టి మీద చల్లొద్దు. మందు అసలు కొట్టొద్దు. మీ వంగమొక్కల మీది పురుగులను ఏరి పిల్లలకు పెట్టేది అదే. ఇక మీకు మందు ఖర్చు దేనికి?

వరండాలో బూజు దులుపుతుంటే బల్బు వైరుకు వేలాడుతున్న చెత్త ముద్దలోంచి పిట్ట ఒకటి తుర్రుమంది. ఆ చెత్తే గూడా?
– సీతమ్మధార నుంచి

గూడే. తేనెపిట్టది. బూజుకర్ర పక్కన పెట్టేయండి. ఎండు గడ్డి, బెరడు పెచ్చులు, గొంగళి పురుగుల రెట్టలు, ఏవి దొరికితే అవి సాలెపట్టుతో కలిపి ముద్ద చేస్తుంది. ఈ పనంతా ఆడపిట్టదే. నల్లగా, ఎండలో ఊదారంగు మెరుస్తూ తిరిగే మగపిట్ట పాట పాడుతూ ఉంటుంది గాని పుల్ల ముట్టదు. సరిగ్గా చూస్తే పక్కన గుమ్మం, దాని మీద వాన పడకుండా చిన్న చూరు కనిపిస్తాయి. అడుగున వేలాడే చెత్త చూసి ఇదేదో బూజు అనుకుని వదిలేస్తారని దాని ఎత్తు. మన ఇళ్లలో అదే దాని ప్రాణం మీదికి తెస్తోంది. పిల్లలు ఎగిరేదాకా ఆ లైటు స్విచ్ వేయకండి. వైరు తొడుగు చిట్లి ఉందేమో మాత్రం తర్వాత ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. పాత ఉద్యోగం ఊరికే ఉండనివ్వదు, ఏమనుకోకండి.

గమ్ము, మేకులు ఏమీ లేకుండా గూడు చెట్టుకు ఎలా అతుక్కుని ఉంటుంది?
– ఏడో తరగతి విద్యార్థి, భీమిలి

మంచి ప్రశ్న బాబూ. చాలా గూళ్లు అసలు అతుక్కోవు. కాకి గూడు కొమ్మ పంగలో తన బరువు మీద తానే కూర్చుంటుంది. పిగిలిపిట్ట తన చిన్న గిన్నె గూడును పొద కొమ్మల సందులో ఇరికిస్తుంది, సాలెపట్టుతో నాలుగు చుట్లు బిగిస్తుంది. గమ్ము వాడే పిట్టలు కూడా ఉన్నాయి. ఆ గమ్ము వాటి ఉమ్మే!

మీ భీమిలి వైపు తాటిచెట్లకు కొదవ లేదు. సాయంత్రం పూట వాటి చుట్టూ సన్నటి కొడవలి రెక్కలతో, ఎక్కడా వాలకుండా గిరగిరా తిరిగే చిన్న బూడిదరంగు పిట్టలు ఉంటాయి చూడు. ఇంగ్లీషులో పామ్ స్విఫ్ట్ అంటారు. వాటి కాళ్లు మరీ పొట్టివి, గోళ్లతో అంటిపెట్టుకుని వేలాడతాయి గాని కొమ్మ మీద కూర్చోలేవు. అందుకని గూటి సామాను కూడా గాల్లోనే పట్టుకుంటాయి. ఎగిరే ఈకలు, బూరుగు దూది లాంటివి. ఆ ఈకలను తాటాకు అడుగు వైపు ఉమ్మితో అంటించి చిన్న అర కడతాయి. గుడ్లను కూడా ఉమ్మితోనే అంటిస్తాయి. సముద్రం గాలికి తాటాకు ఎంత ఊగినా గుడ్డు కింద పడకపోవడానికి కారణం అదే. తల్లి నిలువుగా వేలాడుతూనే పొదుగుతుంది.

విశాఖ రేవు నుంచి ఓడలు వెళతాయే, ఆ అండమాన్ దీవుల్లో వీటికి దూరపు చుట్టం ఒకటి ఉంది. అది గుహ గోడకు మొత్తం గూడు ఉమ్మితోనే కడుతుంది. చైనా వాళ్లు ఆ గూటిని ఖరీదు పెట్టి కొని సూపు చేసుకుంటారు. ఇంట్లో ఎవరైనా "ఛీ ఎంగిలి" అంటే ఈ సంగతి చెప్పు.

మా నేలబావి మీద ఈతచెట్టుకు ఏటా గిజిగాళ్లు గూళ్లు కడతాయి. సగం గూళ్లను సగంలోనే వదిలేస్తాయి, ఎందుకు? చెట్టుకు ఒకవైపే ఎక్కువ కడతాయి, అదెందుకు? మిణుగురులను మట్టిలో గుచ్చి దీపం పెట్టుకుంటాయని మా నాయన చెప్పేవాడు. అందులో నిజం ఎంత?
– ఒక రైతు, ఆనందపురం

మూడు ప్రశ్నలూ ముచ్చటైనవే. ముందు పని ఎలా జరుగుతుందో చెబితే మొదటిదానికి జవాబు దానంతటదే వస్తుంది.

గిజిగాళ్లలో గూడు కట్టేది మగపిట్ట. వరాకో, చెరకాకో, తాటాకో చూసుకుని అంచు మీద వాలుతుంది. ఆకు మొదలు దగ్గర ముక్కుతో చిన్న గాటు పెడుతుంది. ఆ గాటు పైన అంచు పట్టుకుని ఒక్కసారి ఎగురుతుంది. అది ఎగిరిన ఊపుకు ఆకు నుంచి సన్నటి పొడుగాటి నార చీలి దాంతోపాటే వచ్చేస్తుంది. నార పొడవు 20 నుంచి 60 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఒక్క గూటికి ఇలాంటి ప్రయాణాలు దాదాపు 500 చేస్తుందని లెక్క. పచ్చి ఆకే ఎందుకంటే ఎండినది వంచితే విరుగుతుంది.

మొదటి నారను కొమ్మకు చుట్టడం చూడవలసిన పని. ఒక కొసను కాలితో తొక్కిపట్టి, రెండో కొసను ముక్కుతో కొమ్మ చుట్టూ తిప్పి, చుట్టు కిందనుంచి దూర్చి లాగుతుంది. దర్జీ పిట్ట వేయని ముడి ఇది వేస్తుంది. అలా వేలాడే ఆధారం దొరికాక నిలువుగా ఒక రింగు అల్లుతుంది, ఆ రింగులో కూర్చునే ఒకవైపు గుడ్ల గది పెంచుకుంటూ పోతుంది. ఈ సగం గూడు హెల్మెట్ ఆకారంలో ఉంటుంది, పక్షి శాస్త్రవేత్తలు దాన్ని హెల్మెట్ దశ అనే అంటారు. అక్కడికి వచ్చేసరికి 8 రోజులు పడుతుంది. అక్కడ మగపిట్ట ఆగుతుంది. రింగు పట్టుకుని వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టలను పిలుస్తుంది.

ఆడపిట్టలు వస్తాయి, లోపల దూరి చూస్తాయి, వెళ్లిపోతాయి. ఏదైనా ఒకటి ఒప్పుకుంటేనే మిగతా పని: గుడ్ల గది మూయడం, కిందికి వేలాడే పొడుగాటి గొట్టం అల్లడం. మొత్తం కలిపి 18 రోజుల పని. ఏ ఆడపిట్టా ఒప్పుకోకపోతే ఆ గూడు అక్కడే ఆగిపోతుంది. మీ ఈతచెట్టు మీద సగంలో ఉన్నవన్నీ పెళ్లిచూపుల్లో కాదనిపించుకున్నవి. పాపం, అల్లిక బాగా లేదని కాదు. ఆడపిట్ట అల్లిక కన్నా గూడు ఎక్కడ ఉందన్నదే ఎక్కువ చూస్తుందని పరిశీలనలో తేలింది. పిల్లి, పాము చేరలేని కొమ్మ కొస, కింద నీళ్లు. అంటే మీ బావి మీద ఉండటం ఆ చెట్టుకు పెద్ద ఆస్తి. బావి పూడ్చాలన్న ఆలోచన ఉంటే కాస్త ఆగండి.

ఇక మగపిట్ట సంగతి. ఒక ఆడది గుడ్ల మీద కూర్చోగానే అది పక్క కొమ్మకు ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపిట్టను పిలుస్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1930 ప్రాంతంలో బొంబాయి దగ్గర కిహింలో ఓపిగ్గా కూర్చుని గిజిగాళ్ల ఈ కాపురాల గుట్టు బయటపెట్టారు. పొదిగేది, పిల్లల మేత బాధ్యత ఎక్కువగా మోసేది ఆడపిట్టే.

చెట్టుకు ఒకవైపు అన్నారు. అది తూర్పు వైపు అయ్యుంటుంది, వెళ్లి చూడండి. గూళ్లు కట్టే కాలంలో నైరుతి గాలి గట్టిగా ఉంటుంది, చెట్టు మాను, మట్టలు అడ్డంగా ఉండే తూర్పు వైపు గూడు తక్కువ ఊగుతుంది.

మిణుగురుల దీపం మా ఇంట్లోనూ చెప్పేవారు. అది కథే. అయితే మట్టి మాత్రం నిజం. సగం కట్టిన గూటి లోపల తడి మట్టి ముద్దలు అద్దుతాయి. గాలికి గూడు మరీ ఎగిరిపడకుండా బరువు కోసమని ఎక్కువమంది చెబుతారు. ఆ మట్టిని చూసినవాళ్లెవరో మిణుగురును తెచ్చి గుచ్చి ఉంటారు, మాటల్లో.

పనితనం పుట్టుకతో వస్తుందా, నేర్చుకుంటుందా అని కూడా మీ ఉత్తరం చివర అడిగారు. రెండూ. కుర్ర మగపిట్టలు మొదట్లో కట్టేవి చూస్తే మీకే నవ్వొస్తుంది, నారలు ఎటు పడితే అటు వేలాడుతుంటాయి. ఆఫ్రికాకు చెందిన దీని చుట్టాల మీద కోలియాస్ దంపతులనే అమెరికా శాస్త్రవేత్తలు పరిశోధన చేశారు. చిన్నప్పటి నుంచి ఆకులూ నారలూ అందకుండా పెంచిన మగపిట్టలు పెద్దయ్యాక సరిగా అల్లలేకపోయాయి. అల్లాలన్న తహతహ పుట్టుకతోనే ఉంటుంది, చెయ్యి తిరగడానికి సాధన కావాలి.

రాత్రిపూట పిట్టలన్నీ గూళ్లకు చేరి పడుకుంటాయని మా అమ్మాయికి చెప్పాను. "మరి గూడు లేని పిట్టలో?" అని అడిగింది. ఏం చెప్పాలి?
– అక్కయ్యపాలెం నుంచి ఒక తండ్రి

అమ్మాయి మీకన్నా ముందుంది. గూడు పిట్టకు ఇల్లు కాదండీ, పురిటిగది. గుడ్లు, పిల్లలు ఉన్నన్నాళ్లే దానితో పని. ఆ తర్వాత చాలా పిట్టలు దాని మొహం కూడా చూడవు. కాకులు, గోరువంకలు రాత్రికి గుంపుగా పెద్ద చెట్లు ఎక్కుతాయి. సందె వేళ రైల్వే స్టేషన్ దగ్గర చెట్ల కింద నిలబడితే వాటి గొడవలో పక్కవాళ్ల మాట వినబడదు. పిచ్చుక, వడ్రంగి పిట్ట లాంటి కొన్ని మాత్రం చలికీ భయానికీ కన్నాల్లో దూరి పడుకుంటాయి.

గూడు తీసేయాలా వద్దా అని మీరంతా రాసే ఉత్తరాలకు నా జవాబు కూడా ఇదే. అది మీ ఇంటిని ఆక్రమించదు. నెల, నెలన్నరలో ఖాళీ చేస్తుంది. అద్దెకు దిగినవాళ్లు అంత త్వరగా ఖాళీ చేస్తారా?

ఏసీ బయటి యూనిట్ పైపు మీది నల్ల ఫోమ్ అంతా ఉడత పీకేసింది. యూనిట్ వెనక పీచు, గుడ్డ ముక్కలు, నా బండి సీటు స్పాంజితో గుండ్రటి ముద్ద కట్టింది. కదిపితే లోపల ఎర్రగా చిన్న పిల్లలు కనిపించాయి. ఒకటి కింద పడిపోయింది. ఏం చేయాలి? టెన్షన్‌గా ఉంది.
– ఇంజినీరింగ్ విద్యార్థి, మర్రిపాలెం

తమ్ముడూ, ముందు కింద పడ్డ పిల్ల సంగతి. నీ ఉత్తరం నాకు చేరేసరికి ఆలస్యమై ఉంటుంది, అయినా మిగతావాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. మెత్తటి గుడ్డ వేసిన అట్టపెట్టెలో పిల్లను పెట్టి, గూటికి వీలైనంత దగ్గరగా, ఎండా వానా పడని చోట, చీమలు చేరకుండా ఉంచాలి. మనిషి పక్కకు తప్పుకోవాలి. పిల్ల చల్లబడిపోయి ఉంటే వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాలి. పిల్ల కీచుమంటుంటే తల్లి వచ్చి నోట కరుచుకుని పోతుంది. ఆవుపాలు, పెరుగు పట్టొద్దు. చాలామంది అక్కడే పిల్లను పోగొట్టుకుంటారు.

నీ గూడును మళ్లీ కదిపితే తల్లి పిల్లలన్నిటినీ ఒక్కొక్కటిగా కరుచుకుని వేరే గూటికి మార్చేస్తుంది. ఉడతకు ఒక్క గూడే ఉంటుందనుకోవద్దు, దగ్గర్లో ఇంకోటి సిద్ధంగా ఉంచుకుంటుంది. పై ప్రశ్నలో చెప్పిన మాట ఉడతకు వర్తించదు. పిట్టలు గూడు వదిలేస్తాయి, ఉడత ఏడాది పొడుగునా గూట్లో పడుకుంటుంది. వానొస్తే దూరుతుంది, ఎండ మండిపోతే దూరుతుంది. అందుకే దాని గూడు అంత దళసరిగా ఉంటుంది. బయట పుల్లలు, ఎండు గడ్డి, కొబ్బరి పీచు. లోపలికి వెళ్లేకొద్దీ మెత్తదనం: పళ్లతో చీల్చి చీల్చి సన్నగా చేసిన నార, దూది, గుడ్డ. పక్కన ఎక్కడో ఒక కన్నం ఉంటుంది, ఉడత లోపల ఉన్నప్పుడు ఆ కన్నం కూడా మూసుకుపోయినట్టే కనిపిస్తుంది.

సామాను ఎలా మోస్తుందో చూశావా? ఫోమ్ ముక్కను పళ్లతో లాగుతుంది, ముందరి రెండు చేతులతో మడిచి మడిచి నోట్లో కుక్కుకుంటుంది. మూతికి రెండు పక్కలా పీచు వేలాడుతుండగా గోడ మీద పరుగు. కొబ్బరిచెట్టు ఉన్న ఇంట్లో ఏసీ జోలికి పెద్దగా రాదు. మర్రిపాలెంలో ఇప్పుడు కొబ్బరిచెట్లు ఎన్ని మిగిలాయి? కాబట్టి ఆ ఫోమ్‌ను నీ వంతు ఉడతాభక్తి అనుకో.

మన దక్షిణాది ఉడత వీపు మీద 3 గీతలు ఉంటాయి. ఉత్తరాదిలో తిరిగేది 5 గీతలది. మన ఉడత 34 రోజులు మోసి, సాధారణంగా రెండు మూడు పిల్లలను కంటుంది. పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు తెరుచుకోవు. పాలు మానేసరికి 10 వారాలు అవుతుంది. అప్పటిదాకా ఆ ఏసీ వాడకుండా ఉండలేవని నాకు తెలుసు. అలాగని పిల్లలున్న యూనిట్ ఆన్ చేయొద్దు, ఫ్యాను వాటికీ ప్రమాదం, గూటి పీచు ఫ్యానుకీ ప్రమాదం. మూడు నాలుగు అడుగుల దూరంలో, నీడలో, ఒక పాత కొబ్బరి పీచు చాపను చింపి పెట్టు. తల్లి తనంతట తాను మార్చుకునే అవకాశం ఉంది. గూడు ఖాళీ అయ్యాక పైపుకు ఫోమ్ వేయించి, పైన సన్నటి ఇనుప వల (జీఐ మెష్) చుట్టించు. కరెంటు వైరు మీద పళ్ల గాట్లు ఉన్నాయేమో చూడు. ఉడత ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీయడానికి అది ఏదో ఒకటి కొరుకుతూ ఉండాల్సిందే.

మా వీధి స్తంభం మీద కాకి ఇనుప తీగలతో గూడు కట్టింది. పుల్లలు దొరక్కనా? అదే గూట్లో కోయిల కూడా దూరుతోంది.
– గాజువాక నుంచి

జీతం తీసుకుని కాకి గూళ్లు దింపినవాణ్ణి, నన్నడిగారు! పుల్లలు దొరకడం తగ్గిందన్నది నిజమే. కాని తీగ మీద కాకికి మోజు కూడా ఉంది. అపార్ట్‌మెంట్ కడుతున్న చోట బైండింగ్ వైరు ముక్కలు కావలసినన్ని పడుంటాయి, తేలిక, వంచితే వంగుతుంది, వంగిన చోట నిలుస్తుంది. బయట తీగ, లోపల మాత్రం పీచు, వెంట్రుకలు వేసి మెత్తగా చేస్తుంది. స్తంభం అడ్డకమ్మీ (క్రాస్ ఆర్మ్) మీద ఇన్సులేటరు పక్కన అలాంటి గూడు ఉంటే, వేలాడే ఒక్క తీగ కొస గాలికి కరెంటు తీగకు తగిలిందంటే ఫీడరు ట్రిప్పయి, ఆ లైను మీది ఇళ్లన్నిటికీ కరెంటు పోతుంది. కాకీ పోతుంది. అందుకే వానలకు ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని లైన్లు సరిచేసేటప్పుడు గూళ్లు చూసుకునేవాళ్లం. కట్టడం మొదలుపెట్టినదైతే తీసేసేవాళ్లం, మర్నాటికి అక్కడే మళ్లీ నాలుగు తీగలు ఉండేవి. గుడ్లు ఉన్న గూడైతే వేలాడే కొసలు మాత్రం కటింగ్ ప్లయరుతో కత్తిరించి దిగిపోయేవాణ్ణి. గూటిని మీరు కర్రతో పొడవకండి. సెక్షన్ ఆఫీసుకు ఫోన్ చేసి స్తంభం నంబరు చెప్పండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఊళ్లో చెట్లను పడగొట్టాక ఈ స్తంభాల గూళ్లు ఎక్కువయ్యాయని నా అనుభవం. తుఫానుకు పెట్టింది ఒక పిట్ట పేరే, కూల్చింది పిట్టలు ఉండే చెట్లను. మరుసటి వేసవిలో కాకులు పంగలున్న చెట్టు దొరక్క స్తంభాలు, సెల్ టవర్లు ఎక్కాయి. మళ్లీ నాటినవి చాలావరకు తొందరగా పెరిగే చెట్లు. కాకి గూటిని మోసేలా వేప కొమ్మ ముదరాలంటే టైము పడుతుంది.

కోయిల దూరేది గుడ్డు పెట్టడానికి. మగ కోయిల ఎదురుగా అరిచి కాకులను తరిమించుకుంటూ దూరంగా తీసుకుపోతుంది, ఆ సందులో ఆడది పని ముగించుకుంటుంది. కోయిల గుడ్డు 12–14 రోజుల్లో పగులుతుంది, కాకి గుడ్డు అంతకన్నా ఆలస్యం. ముందు పుట్టిన కోయిల పిల్ల మేతలో ముందుంటుంది. మామూలుగా కాకి పిల్లలను మాత్రం తోసేయదు.

ఆన్‌లైన్‌లో పిచ్చుకల పెట్టె కొని రెండేళ్లయింది. ఒక్క పిచ్చుకా రాలేదు.
– పెందుర్తి నుంచి

పెట్టె ఫొటో చూశాను. కన్నం మరీ పెద్దది, గోరువంక దూరేంత ఉంది. పిచ్చుకకు 32 మిల్లీమీటర్లు చాలు. కన్నం కింద కర్ర అక్కర్లేదు, అది కాకి కాలు పెట్టుకోవడానికే పనికొస్తుంది. పడమటి ఎండ పడే గోడ నుంచి తీసి, చూరు కింద తూర్పు వైపు కనీసం రెండు నిలువుల ఎత్తున పెట్టండి. ఒక్క పెట్టె కన్నా రెండు మూడు పెట్టెలు మేలు, పిచ్చుకలకు ఇరుగుపొరుగు కావాలి.

వెనకటి పెంకుటిళ్లలో దూలం సందు, ఫొటో పటం వెనక, వెంటిలేటరు, ఎక్కడ పడితే అక్కడ వాటికి చోటుండేది. వరండాలో వరి కంకుల కుచ్చు వేలాడేది. పెద్ద పిచ్చుకలకు గింజలు చాలు, పుట్టిన పిల్లలకు మాత్రం పురుగులే కావాలి. పెరడంతా టైల్స్ పరిచి గోడకు పెట్టె తగిలిస్తే అవి వచ్చి ఏం తినాలి? ఒక మూల గడ్డి, గోరింట, చిక్కుడు పాదు పెంచండి. గది లోపలికి వచ్చే అలవాటు మాత్రం చేయకండి. సీలింగ్ ఫ్యాను తగిలి చచ్చిన పిచ్చుకలను నేను చాలా ఇళ్లలో చూశాను.

బాల్కనీలో పావురం నాలుగు పుల్లలు వేసి గుడ్లు పెట్టింది. ఇంత బద్ధకపు గూడు ఎక్కడైనా ఉందా?
– మధురవాడ నుంచి

లేదు. దాని జాతి కొండ రాతి అంచుల మీద గుడ్లు పెట్టేది, దొర్లకుండా నాలుగు పుల్లలు ఉంటే దానికి చాలు. 2 గుడ్లు, 18 రోజులు, ఆపైన పిల్లలకు ఇంకో నెల. అవి ఎగిరిన రోజే శుభ్రం చేసి వల కట్టించండి, ఆలస్యం చేస్తే మళ్లీ 2 గుడ్లు పెడుతుంది. ఎండిన రెట్టను పొడిగా ఊడవకండి. నీళ్లు చల్లి, మాస్కు పెట్టుకుని తీయండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కింద పడ్డ పిట్ట పిల్లను మనిషి ముట్టుకుంటే తల్లి మళ్లీ చేరదీయదట కదా?
– పెద వాల్తేరు నుంచి

చేరదీస్తుంది. మన చేతి వాసనకు తల్లి పిల్లను వదిలేయదు. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టేయండి. ఈకలు వచ్చి గెంతుతున్నదైతే ఎగరడం నేర్చుకుంటోంది, పిల్లి అందుకోలేని కొమ్మ మీద పెట్టి వచ్చేయండి. ముట్టుకోవడం కన్నా మాటిమాటికీ వెళ్లి తొంగిచూడటమే ముప్పు. మీరు ఎటు చూస్తున్నారో కాకి చూస్తూ ఉంటుంది.

స్విచ్ బోర్డు సాకెట్లో ఏదో పిట్ట మట్టితో గూడు కట్టింది. ఫొటో పంపుతున్నాను. ఏ పిట్టో చెప్పగలరా?
– కంచరపాలెం నుంచి

అది పిట్ట కాదండీ, కందిరీగ. తడి మట్టి ఉండలు తెచ్చి ఎర్త్ పిన్ను కన్నం మూసేసింది. లోపల దాని గుడ్డు, గుడ్డులోంచి వచ్చే పిల్లకు తిండిగా పురుగులో సాలీళ్లో ఉంటాయి. కింది రెండు కన్నాల్లో కూడా మట్టి ఉందేమో చూడండి. మెయిన్ ఆపకుండా పుల్లతో గాని స్క్రూడ్రైవరుతో గాని గీకొద్దు. మెయిన్ ఆపి, టెస్టరు పెట్టి చూసుకుని, ఆ తర్వాతే మట్టి రాల్చండి. వాడని సాకెట్లకు ప్లాస్టిక్ మూతలు హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, నాలుగు కొని పెట్టుకోండి.